పెద్ద లడాయికి ముగ్గురు

రెండువేల రెండు తర్వాత సిరిసిల్లలో పోలీసులు ఎవరినైనా పట్టుకుపోయారని తెలిస్తే చంద్రమౌళి చేసే పని ఒకటే. కార్మిక సంఘం ఆఫీసుకు పోడు, వకీలు దగ్గరికి పోడు. నేరుగా ఆ ఇంటికి పోయి తల్లినో పెళ్ళాన్నో బయల్దేరదీసేవాడు. చంకలో ఒక పాత గోనెసంచి పెట్టుకుని ఠాణా దాకా ఆమె వెంట నడిచేవాడు. మౌళికి పిచ్చి పట్టిందని వాడలో మగవాళ్ళు అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. అది పిచ్చి కాదు. దాని వెనకున్నది తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే, సాంచాలకు పడుగు పోసే వార్పిన్ దశరథాన్ని. సుతారంగా చెప్పడం నాకు రాదు, జరిగింది జరిగినట్టు చెబుతాను.

చంద్రమౌళి సాంచాల జాపర్. సాంచా అంటే మా దగ్గర పవర్‌లూమ్, అది చెడిపోతే బాగుచేసేవాడు జాపర్. రోడ్డు మీద పోతూ పోతూ కార్ఖానాలోని చప్పుడు విని, మూడో సాంచాకు ఏదో అరిగింది చూసుకోండి అని చెప్పి పోయేవాడు. పోయి చూస్తే అరిగే ఉండేది. ఏ సాంచా మీద ఏ మనిషిని నిలబెడితే గుడ్డ బాగా దిగుతుందో కూడా అతనే చెప్పేవాడు, సాంచాలు పెట్టి నడిపించే ఆసాములు వినేవాళ్ళు. అందువల్ల కొంచెం గర్వం ఉండేది. నేను అన్నది తప్పు కావచ్చునేమో అనే అనుమానం ఆ మనిషికి ఏనాడూ రాలేదు.

రెండువేల రెండులో గుడ్డకు గిరాకీ పడిపోయింది. వారంలో మూడు రోజులు సాంచాలు బందు. పనిలేని మగవాళ్ళకు రెండే దారులు, ఒకటి కల్లు దుకాణం, రెండు కొమురెల్లి ఇంటి ముందర్ర, అంటే ముందుగది. కొమురెల్లి మాతోపాటు సాంచాలు నడిపే పిల్లగాడు, ఇరవై రెండేళ్ళవాడు. కోరుట్లలో ఉండే వాళ్ళ బావ దుబాయి నుంచి వస్తూ టీవీకి తగిలించుకునే ఆట డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చాడు. అందులో ఒకటే ఆట ఉండేది. నవ్వకండి, మీసాలు నెరుస్తున్నవాళ్ళం కూడా పొద్దున పోయి కూర్చుంటే సాయంత్రానికి గానీ లేచేవాళ్ళం కాదు.

ఆటలో రాజు బిడ్డను ఎవడో ఎత్తుకుపోతాడు. అడవిలో పోతూ పోతూ మనుషుల్ని కూడగట్టుకోవాలి. ఒక్కొక్కరిదీ ఒక్కో విద్య. ఐదుగురు జమవుతారు గానీ లడాయికి ముగ్గురినే దింపనిస్తుంది, తక్కిన ఇద్దరూ నెగడు దగ్గర కూర్చోవాలి. అంతా ఇంగ్లీషే. మాకు అక్షరమ్ముక్క అర్థమయ్యేది కాదు. కొట్టి, దెబ్బతిని, చచ్చి నేర్చుకున్నాం. పేర్లు మనమే పెట్టుకోవచ్చు, పదో తరగతి తప్పిన కొమురెల్లి ఇంగ్లీషు అక్షరాలు ఏరి పెట్టాడు. కత్తివాడు మా సంఘం నాయకుడు బుచ్చన్న. గొడ్డలివాడు ఎనిమిది సాంచాల ఆసామి లక్ష్మీరాజం. బాణాలవాడు నేను. దొంగ ఒకడుంటే వాడికి బావ గుర్తుగా దుబాయోడని పెట్టాడు. ఐదో మనిషి కర్ర పట్టుకున్న ముసలామె. ఆమె కర్రదెబ్బకు బలం లేదు, చెయ్యి ఎత్తితే మాత్రం దెబ్బతిన్నవాడి గాయం మానిపోతుంది. ఆమెకు తన తల్లి పేరే పెట్టాడు, లచ్చవ్వ అని.

అసలు లచ్చవ్వ వెనకర్రలో నూలు కండెలు చుట్టుకుంటూ ఉండేది. మొగుడు పోయి పదేళ్ళు, ఒక్కడే కొడుకు. షుగరు మనిషి.

చిన్న లడాయిలు ఎవరితోనైనా గెలవచ్చు. మూడు తలల పాము దగ్గర మాత్రం పదకొండుసార్లు ఓడిపోయాం. పన్నెండోసారి చంద్రమౌళి లచ్చవ్వను తీసి నెగడు దగ్గర కూర్చోబెట్టాడు. ఆమె ఉంటే లడాయి సాగుతుంది, సాగితే మనకే నష్టం, కత్తీ గొడ్డలీ బాణాలూ, ముగ్గురూ కొట్టేవాళ్ళే ఉంటే పాము రెండో తల ఎత్తకముందే పని అయిపోతుంది అని అతని లెక్క. లెక్క నిలిచింది, గెలిచాం. కానీ అట్లా గెలిచిన ప్రతిసారీ ముగ్గురిలో ఒకడు చచ్చిపోయేవాడు. ఒకసారి నేనే పోతే ఊరుకోలేక అడిగాను. గెలిచినంక ఒక్కడు పోతే ఏమైతది దశరథం, అన్నాడు. అందరం నవ్వాం. లచ్చవ్వను ఇడ్సిపెట్టు, లచ్చవ్వను ఇడ్సిపెట్టు అని మేం అరుస్తుంటే వెనకర్రలోంచి ఆమె, నేనేం పాపం జేసిన్‌రా అని ఎదురు వేళాకోళమాడేది.

ఆ డబ్బాతో ఒకటే తిప్పలు. ఆపేస్తే ఆడిందంతా మరిచిపోయేది, మర్నాడు మళ్ళీ మొదటికే. గుర్తుపెట్టుకునే కార్డు వేరే దొరుకుతుందట. మే నెలలో బావ కబురు పంపాడు, కార్డూ ఇంకో మీటల పిడీ కోరుట్లకు వచ్చాయని. ఎండలు తగ్గాక పోతానన్నాడు కొమురెల్లి. చంద్రమౌళి ఆగలేదు. రేపే పోయి తేవాలని పోరుపెట్టి తనే బస్సెక్కించాడు.

తిరిగివచ్చే బస్సును దారిలో పోలీసులు ఆపారు. రోడ్ల కింద మందుపాతరలు పేలుతున్న కాలం, సంచిలో గజం వైరు కనిపిస్తే చాలు. కొమురెల్లి సంచిలో వైరు చుట్ట, దాని కొసకు మీటలున్న నల్లటి పిడి ఉన్నాయి. ఆటది సార్ అని చెప్పాడట. ఏ ఆటరా అని మెడ పట్టి దింపారట. అదే బస్సులో వస్తున్న మా వాడ సత్యవ్వ ఉరుకుతూ వచ్చి చెప్పింది, ఫలానా ఊరి ఠాణాకు తీసుకుపోయారని. ఆ ఊరి పేరు నేను చెప్పను.

గంటలో వాడంతా లచ్చవ్వ ఇంటి ముందు పోగయింది. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుని, ఖాళీ బియ్యం గోనెసంచిని మడతపెట్టి చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజుల్లో మా దిక్కు అదొక ఆనవాయితీ. పట్టుకుపోయినవాడి తల్లి ఠాణా గేటు ముందు గోనె పరుచుకుని కూర్చునేది, కొడుకును చూపించేదాకా లేచేది కాదు. తంగళ్ళపల్లి అంజవ్వ రెండు పగళ్ళు అట్లా కూర్చుని కొడుకు నర్సింగాన్ని తెచ్చుకుంది. కాలు విరగ్గొట్టారు, ప్రాణంతో ఇచ్చారు.

"నేను పోత. గేటు ముంగట కూసుంట. నా కొడుకును సూపియ్యిండ్రి అంట, గంతే," అంది లచ్చవ్వ.

చంద్రమౌళి అడ్డం నిలబడ్డాడు. "నువ్వద్దవ్వా. గీ ఎండల నువ్వు పడిపోతె నిన్ను లేపాల్నా, వాణ్ణి ఇడిపియ్యాల్నా? మాట్లాడెటోళ్ళు పోవాలె. బుచ్చన్న పోతడు, లక్ష్మీరాజం పోతడు, దశరథం పోతడు. దినం గడవకముందే తోల్కొస్తరు."

ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు, ఆ మాట ఇవాళ చెబుతుంటే కూడా నా మీద నాకే అసహ్యంగా ఉంది. బుచ్చన్నకు నోరుంది, లక్ష్మీరాజానికి పలుకుబడి ఉంది, నాకు ఒడ్డూ పొడుగూ ఉన్నాయి. ముసలామెకేముంది? బస్సు కదిలాక, సగం దారిలో నాకు తట్టింది, ఇది పాము దగ్గరికి దింపే జట్టే కదా అని. మిగతా ఇద్దరికీ చెప్పాను. లక్ష్మీరాజం నవ్వాడు కూడా, అయితే గెలుస్తాంలే అని.

చంద్రమౌళి మాతో రాలేదు. లచ్చవ్వ వెళ్ళిపోకుండా ఆమె గడపలోనే కూర్చున్నాడు. రెండుసార్లు లేచిందట, రెండుసార్లూ బతిమాలి కూర్చోబెట్టాడట.

ఠాణాలో మమ్మల్ని ఎవరూ కొట్టలేదు. కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు. అధికారి కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడాడు. బుచ్చన్న దంచి ఉపన్యాసం ఇచ్చాడు. పిల్లవాడు అమాయకుడు, అది టీవీ ఆట, కావాలంటే వచ్చి చూడండి, సంఘం తరఫున పూచీ పడతాం అన్నాడు. ఆయన అంతా విని, ఈ కుర్రాడికి అమ్మా నాన్నా లేరా అని అడిగాడు. తల్లి ఉంది సార్, వస్తానంటే మేమే వద్దన్నాం అని నేనే చెప్పాను. గొప్పగా చెప్పాను.

ఆయన మా ముగ్గురి పేర్లూ రాసుకున్నాడు. "మామూలు కుర్రాడైతే అమ్మ ఏడుస్తూ వస్తుందండీ. వీడి కోసం సంఘం నాయకుడొచ్చాడు, ఆసామి వచ్చాడు. అంటే వీడు మీకు ఎంత ముఖ్యమో నాకు అర్థమైంది," అన్నాడు.

లక్ష్మీరాజం గ్లాసు కింద పెట్టాడు. కాదు సార్ అని మేం ముగ్గురం ఒక్కసారే నోరు తెరిచాం, అప్పటికే ఆయన లేచి లోపలికి పోయాడు. వాకిట్లో నిలబడి ఉన్న ముసలి జవాను ఒకడు నాకు వినబడేలా గొణిగాడు, "అవ్వను తేకపోతిరి." పొద్దు గూకేముందు మమ్మల్ని పంపించేశారు. కొమురెల్లిని చూడనివ్వలేదు.

మూడో రోజు పేపర్లో నాలుగు వరుసలు వచ్చాయి. ఎదురుకాల్పుల్లో గుర్తు తెలియని నక్సలైటు మరణించాడని, అతని దగ్గర వైర్లు దొరికాయని. దవాఖానాకు పోయి చూస్తే, శవం మీద ఉన్న చొక్కా గుడ్డ నేను పోసిన వార్పుదే. గళ్ళు చూసి పోల్చుకున్నాను.

లచ్చవ్వ మళ్ళీ కండెల ముందు కూర్చుంది. మమ్మల్ని తిట్టి ఉంటే బాగుండేది. బుచ్చన్న సంఘం వదిలేశాడు. చంద్రమౌళికి సాంచా చప్పుడులో తేడా తెలియకుండా పోయింది, కార్ఖానాకు వచ్చి స్పానరు పట్టుకుని ఊరికే నిలబడేవాడు.

పెద్దకర్మ అయిన వారానికి లచ్చవ్వ మా ఇద్దరికీ కబురు పెట్టింది. పొద్దున్నే పోయాం. ఆట డబ్బాను తుడిచి టీవీ పక్కన పెట్టి ఉంచింది.

"నా కొడుకు దీంట్ల నా పేరు పెట్టిండట గద. ఎన్నడు సూడలే నేను. పెట్టు మౌళీ," అంది.

చంద్రమౌళి చేతులు ఆడలేదు. నేను వైర్లు తగిలించి పిడి అతని చేతికిచ్చాను. మళ్ళీ మొదటి నుంచీ ఆడాలి. రాజు బిడ్డ పోయింది, అడవి వచ్చింది, ఒక్కొక్కరే వచ్చి కలిశారు. ఒక్కో పేరూ అతను అక్షరం అక్షరం కూడబలుక్కుని పెట్టాడు. లచ్చవ్వ గోడకు చేరగిలబడి రెప్ప వేయకుండా చూస్తోంది. మిట్టమధ్యాహ్నానికి పాము దగ్గరికి చేరాం. అలవాటు చొప్పున అతని వేళ్ళు ముగ్గురిని ఎంచాయి.

"నేనేది?"

నెగడు దగ్గర కూర్చున్న ముసలామెను చూపించాను.

"ఆడెందుకు కూసున్న?"

చంద్రమౌళి పిడి కింద పెట్టాడు. "పెద్ద లడాయికి నిన్ను తీస్కపోనవ్వా," అన్నాడు. ఆ మాటతో భోరున ఏడ్చాడు. నలభై ఏళ్ళ మనిషి.

ఆమె ఓదార్చలేదు. ఏడుపు ఆగేదాకా ఊరుకుని, ఈపారి తీస్కపో అంది. అతను నన్ను తీసేసి ఆమెను దింపాడు. పాము కొట్టింది, ఆమె చెయ్యెత్తింది. పాము మళ్ళీ కొట్టింది, మళ్ళీ చెయ్యెత్తింది. మేం పదకొండుసార్లు ఎందుకు ఓడిపోయామో నాకప్పుడు తెలిసింది. ప్రతిసారీ ఓపిక లేక ఆమె చేత కూడా కర్రతో కొట్టించేవాళ్ళం. ఆ రోజు అతను ఆమెను ఆమె పని చేయనిచ్చాడు. గంట దాటిపోయింది. చివరికి పాము మూడు తలలూ వాల్చింది.

"అందరున్నరా?" అంది లచ్చవ్వ.

"అందరున్నరవ్వా."

ఆమె లేచి లోపలికి పోయి, ఆ రోజు మడతపెట్టిన బియ్యం సంచిని తెచ్చింది. మడత ఇంకా విప్పలేదు. దాన్ని చంద్రమౌళి ఒడిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచు. ఎవలన్న తల్లికి కావాల్సస్తది," అని కండెలు చుట్టుకోవడానికి పోయింది.