మెరుపు పోయిన జల్లెడ

సీసాల పిన్ని అసలు పేరు ఆ ప్రయోగశాలలో ఎవరికీ తెలియదు. పద్దెనిమిదేళ్లుగా సీసాలు కడుగుతోంది. సబ్బుతో ఒకసారి, యాసిడ్‌తో ఒకసారి, మంచినీళ్లతో మూడుసార్లు. మూత లోపల వేలు తగిలితే మళ్లీ మొదటికి. ఆమె కడిగిన సీసాలో అనుమానం కూడా మిగలదని పరీక్షలు చేసే మేడమ్ నవ్వేది.

ఆ రోజు మేడమ్ నవ్వలేదు. పిన్ని తమ్ముడు పడవ మీద వెళ్లి పన్నెండు చోట్ల నది అడుగు నుంచి తెచ్చిన పన్నెండు సంచుల బురదలోనూ జింకు విపరీతంగా ఉంది. ఇనుముకు జింకు పూత వేసే కార్ఖానా కాలువ నదిలో కలిసేచోట ఉందంటే సరే, అక్కడికి నాలుగు మైళ్ల ఎగువన కూడా ఎందుకుంటుంది? పడవతను బద్ధకించి ఒక్కచోటే సంచులన్నీ నింపేశాడని ఆఫీసులో తేల్చేశారు. ఇక రావద్దన్నారు.

తమ్ముడికి నోటి దురుసు ఉంది గాని దొంగబుద్ధి లేదు. పిన్ని చేతులు తుడుచుకుని ఉన్నపళంగా రేవుకు వెళ్లింది.

అతను పడవలో ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. అక్కను చూడగానే ఏకరువు పెట్టాడు. బురదలో రాళ్లూ గుల్లలూ వస్తున్నాయని పోయిన నెల మేడమ్ విసుక్కుందట. ఇంకోసారి మాట పడకూడదని కొత్త జల్లెడ కొన్నాడట. ప్రతి సంచీ బురదనూ చేత్తో రుద్ది రుద్ది జల్లించాడట. అంత చాకిరీ చేస్తే ఇదా మర్యాద అన్నాడు.

పిన్ని జల్లెడ చేతిలోకి తీసుకుంది. అంచుల్లో ఇనుప తీగ తళతళలాడుతోంది. మధ్యలో నల్లబడింది.

"ఇక్కడి మెరుపంతా ఏమైందిరా?"

"అరిగింది. వాడితే అరగదా?"

"అరిగి ఎక్కడికి పోయింది?"

ఆ మెరుపే జింకు పూత; రుద్దినప్పుడల్లా అరిగి బురదలో కలిసింది. ఇనుప మూతను సీసాల దరిదాపులకు రానివ్వని మనిషికి ఆ మాత్రం తట్టదా? పిన్ని పరుగున వెళ్లి తను కడిగిన మూడు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చింది. నీళ్లంటే హడలిపోయే మనిషి, మొదటిసారి పడవెక్కింది. గెడ కర్ర చివర ప్లాస్టిక్ చెంబు కట్టించింది.

"దేన్నీ ముట్టుకోకు," అంది.

"ఊపిరైనా పీల్చుకోనా అక్కా?"

"పక్కకు తిరిగి పీల్చు."

ఎగువన ఒక డబ్బా, కాలువ మూతి దగ్గర ఒకటి, దిగువన ఒకటి. మేడమ్‌కు జల్లెడ చూపించి, ఈ మూడూ ఒక్కసారి చూడమని బతిమాలింది పిన్ని. బురద ఆరి, యాసిడ్‌లో కరిగి, యంత్రం దాకా వెళ్లేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పిన్ని కడిగిన సీసానే కడిగింది.

కిలో బురదలో జింకు ఎగువన డెబ్బై మిల్లీగ్రాములు. కాలువ దగ్గర రెండువేల మూడు వందలు. దిగువన తొమ్మిది వందలు. చదువుతూ చదువుతూ మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

గుమ్మం బయటి నుంచి తమ్ముడు అడిగాడు. "అయితే నేను ఒక్కచోటే నింపలేదని తేలినట్టేనా?"

"తేలింది. ఎగువన కనిపించిన జింకు జల్లెడదే. నిన్ను అన్న మాట తప్పు," అంది మేడమ్. "మిగతా తొమ్మిది చోట్లా మళ్లీ తియ్యాలి. ఎప్పుడు వెళ్దాం?"

"మీరు చెప్పులేసుకునేలోపు పడవ విప్పుతాను."

పిన్ని అప్పటికే తొమ్మిది డబ్బాలూ సంచిలో సర్దేసింది.