మన్మాడ్ దాటిన భూమక్క

ఎల్లారెడ్డి అనే ఊళ్లో రాజన్నకు కొడుకులు లేరు. ఉన్న ఒక్క బిడ్డ భూమక్క. చెరువు కింద కొంచెం తరి పొలం, ఓ జత ఎడ్లు, ఇల్లరికం వచ్చిన మంచి అల్లుడు. ఎవరి ముందూ చెయ్యి చాపాల్సిన బతుకు కాదు. రాజన్నకు మిగిలిన కోరికల్లా ఒక్కటే, కాశీకి పోయి గంగలో మునగాలని.

ఒక ఎండాకాలం బయల్దేరాడు కూడా. ఊరంతా కదిలి సాగనంపింది. కామారెడ్డిలో రైలెక్కి, రాత్రీ పగలూ కూర్చుని, మన్మాడ్‌లో దిగాడు. నిజాం సర్కారు బండి అక్కడికే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇంగ్రేజు వాళ్ల పెద్ద బండి ఎక్కాలి. చుట్టూ మరాఠీ, హిందీ. ఏ కిటికీ దేనిదో తెలియదు. అలా బెదిరి నిలబడ్డ రాజన్నకు వెనక నుంచి "బాపూ, ఏడికి పోవాలె?" అని అచ్చం మన మాట వినిపించింది. ఇంకేముంది, పానం లేచొచ్చింది. ఆ మనిషి చేతిలో టికెట్ పైసలూ పెట్టాడు, మూటా పెట్టాడు. టికెట్ తెస్తానని పోయినవాడు పోయినట్టే పోయాడు.

దారి పొడుగునా కూలి చేసుకుంటూ, వానలు పడే వేళకు రాజన్న ఇల్లు చేరాడు. గంగ మొహం చూడని కాశీయాత్ర. ఊరు ఊరుకుంటుందా? ఎకసెక్కాలకు పని దొరికింది. కల్లు దుకాణం ముందు నుంచి పోతుంటే "మన్మాడ్ల గంగ ఎంత లోతున్నదే రాజన్నా?" అని అడిగేవాళ్లు. అడిగినవాళ్లలో సగంమంది కామారెడ్డి కూడా సరిగా చూడనివాళ్లు. రాజన్న నవ్వి ఊరుకునేవాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సగంలో వదిలేసి లేచేవాడు. ఆ కంచం భూమక్కే ఎత్తేది.

"పరాయి మాటోనికి భయపడ్డగని, మన మాటోడు ముంచుతడని అనుకోలే బిడ్డా," అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో.

తర్వాత నాలుగైదేళ్లు బతికాడు. పోయేముందు బిడ్డ చెయ్యి పట్టుకుని, "నన్ను నది దాక తీస్కపో. మన్మాడ్ల ఆగకు," అన్నాడు. భూమక్క సరేనంది.

భూమక్క సరేనంటే సరే. చిన్నప్పుడు బెదిరిన కోడె పలుపు పట్టుకుని, అది మడి పొడుగునా ఈడ్చినా వదలకుండా, మోకాళ్లు చెక్కుకుపోయి ఇంటికొచ్చిన మనిషి ఆమె. దాయాదులైన పాలోళ్లు వచ్చి కూర్చుని, "ఆడిది బొక్కలు మోసుకపోవుడేంది? మా పిలగాన్ని తోలుతం," అన్నారు. "మా బాపు నాకు జెప్పిండు, మీకు జెప్పలే," అంది.

మూడోనాడు ఏరిన బొక్కలను, అంటే అస్థికలను, చిన్న కుండలో పెట్టి, మూతికి ఎర్రగుడ్డ కట్టి, దొడ్డి బయట యాపకొమ్మకు వేలాడదీశారు. మన దగ్గర వాటిని ఇంటి గడప దాటి లోపలికి రానివ్వరు, నేల మీదా పెట్టరు. పంటలు ఇంటికి చేరేదాకా కుండ ఆ కొమ్మకే ఉంది. నీళ్లకు పోతూ వస్తూ భూమక్క రోజూ దాన్ని చూసేది.

ఈ లోపల తండ్రి ఎక్కడెక్కడ మోసపోయాడో ఒక్కొక్కటే తలుచుకుని, తాను ఏం చేయాలో పక్కా చేసుకుంది. మన నిజాం సిక్కా అవతల చెల్లదు కాబట్టి, కామారెడ్డిలో తెలిసిన సేటు దగ్గరే ఇంగ్రేజు వాళ్ల కల్దారు రూపాయలు మార్చుకుంది. వాటిని సంచిలో కుట్టి నడుముకు కట్టుకుంది. బండిలో ఎవరు ఏం పెట్టినా తినకూడదనీ, టికెట్ తానే కిటికీ దగ్గర నిలబడి తీసుకోవాలనీ అనుకుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఊరూ పేరూ ఎవరికీ చెప్పకూడదు. ఊరు చెబితే చాలు, అవతలివాడు చుట్టమైపోతాడు.

మొగుడు ఇల్లూ ఎడ్లూ చూసుకోవడానికి ఆగాడు. తోడు మేనత్త హన్మవ్వ. రాజన్నకు అక్క, ముసలిది, మంచిది. నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకోదు. నిజామాబాద్ రాకముందే రైలు డబ్బాలో అందరికీ తమ ఎడ్ల పేర్లు చెప్పేసింది.

"అత్తా, జెర నోరు మూస్కో," అంది భూమక్క.

"గీ ముసల్దాని ఎనుక ఎవడు వడ్తడే?" అంది హన్మవ్వ. మూసుకున్నట్టే మూసుకుని, పక్కామెకు బర్రె ఈనిన సంగతి ఎత్తుకుంది.

మన్మాడ్ వచ్చింది. కుండను అడ్డపంచెలో చుట్టి రొమ్ముకు హత్తుకుని, అత్త చెయ్యి గట్టిగా పట్టుకుని దిగింది భూమక్క. ఒకడు మూట అందుకోబోయాడు, ఇంకొకడు టికెట్ తెస్తానన్నాడు. ఎవరి మొహమూ చూడలేదు. పొలం శిస్తు కోసం కచేరీ చుట్టూ తిరిగి నేర్చిన ఉర్దూ ఉంది కదా, దానితోనే టికెట్ కిటికీ ముందు నిలబడి, చిల్లర రెండుసార్లు చూసుకుని తీసుకుంది. పెద్ద బండి కదిలి మన్మాడ్ వెనక్కి పోయాక ఒళ్లంతా తేలికైంది. "బాపూ, దాటినం," అని కుండతో అంది. గండం గడిచిందనే అనుకుంది పాపం.

కాశీలో దిగేసరికి ఇద్దరూ మనుషుల్లో లేరు. నిద్రల్లేక కళ్లు మంటలు, అత్తకు ఒళ్లు కాలుతోంది. స్టేషన్ బయట తీర్థం చేయించే పండాలు, టాంగావాళ్లు ఈగల్లా ముసిరారు. ఆ గోలలో వెనక నుంచి ఒక గొంతు.

"ఏ ఊరవ్వా మనది?"

భూమక్క నోరు తెరిచేలోపే హన్మవ్వ ఏడ్చినంత పని చేసి, "ఎల్లారెడ్డి బిడ్డా!" అంది.

"అరె, మాది బీబీపేట, మీ దిక్కే! అవ్వకు జరమొచ్చినట్టున్నది గద. నడువుండ్రి, మా ఇంటికాడ జెరసేపు నడుం వాల్చుండ్రి. నీళ్లు కాగవెట్టిస్త."

తెల్లధోతి, నుదుట విభూతి, నలభై ఏళ్ల మనిషి. వద్దనాలని భూమక్కకు తెలుసు. కానీ ఇన్ని దినాల తర్వాత చెవిన పడ్డ ఆ మాటకు ఆమె మనసు కూడా కరిగింది. తండ్రి మీద జాలిపడిందే కానీ, ఆ మాట మనిషిని ఎలా లాగుతుందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఆయన హన్మవ్వ మూట భుజాన వేసుకుని నడిచాడు. వీళ్లు వెనక నడిచారు.

సందులో సందు, అందులో ఇంకో సందు. ఒక పాత ఇంటి ముందు ఆగి, అరుగు చూపించాడు.

"కూసోండ్రి. లోపల ఆడోళ్లు మడితోని ఉన్నరు. మూటలు లోపల వెట్టి వాళ్లకు జెప్పొస్త. అక్కా, అది గూడ ఇయ్యి."

"ఇది నాకాడనే ఉంటది," అంది భూమక్క.

స్టేషన్ నుంచీ ఆ మూటను ఆమె ఎలా పట్టుకుందో ఆయన చూస్తూనే ఉన్నాడు. "ఏమున్నదక్కా అండ్ల?"

"మా బాపు బొక్కలు."

ఆయన నవ్వాడు. బంగారం దాచుకున్నవాళ్లు ఏదో ఒకటి చెబుతారని అనుకున్నట్టున్నాడు. "అయితేంది? లోపల దేవునర్ర ఉన్నది. దేవుని పక్కకు వెడ్త, భద్రంగ ఉంటది. ఇయ్యి."

భూమక్క కుండను ఇంకా దగ్గరికి తీసుకుంది. దేవుడి గదిలోనా? దేవుని పక్కనా?

"మీ బీబీపేటల గట్లనే వెడ్తరా అన్నా?" అని మెల్లగా అడిగింది.

"పెట్టరా మరి? మనోళ్లందరు గట్లనే వెడ్తరు."

బీబీపేటలో పాలుతాగే పిల్లను అడిగినా ఆ మాట అనదు. మాట నేర్చుకున్నాడు కానీ ఇల్లు తెలియదు వీడికి. భూమక్క లేచి, గడపకు అడ్డంగా నిలబడి, ఆయన భుజం మీది అత్త మూటను ఒక చేత్తో పట్టుకుంది.

"దించు."

"ఏందక్కా, పిచ్చిలేసిందా?"

"దించుమన్న."

ఆయన మొహం మారింది. మన మాట కూడా పోయింది. హిందీలో ఏదో బూతు తిట్టి మూట లాగాడు. హన్మవ్వ అరుగు మీద వణుకుతోంది. సందులో ఒక్క మనిషి లేడు. భూమక్క మాత్రం వదల్లేదు. రెండో చేత్తో కుండను తల మీదికి ఎత్తి, కచేరీలో నేర్చిన ఉర్దూ అంతా గొంతులోకి తెచ్చుకుని, ఇల్లు అదిరేలా అరిచింది: "ముర్దే కీ హడ్డీ! ఘర్ మే ముర్దే కీ హడ్డీ లా రహా హై!"

చచ్చినవాళ్ల ఎముకలు ఇంట్లోకి తెస్తున్నాడని వింటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? పైన కిటికీలు దడదడా తెరుచుకున్నాయి. ఒక ముసలమ్మ చీపురుతో మెట్లు దిగింది. వెనక ఇద్దరు కోడళ్లు. ఆ మనిషిని ఎన్నడూ చూసిన మొహాలు కావు వాళ్లవి. వాడు మూట వదిలేసి, భూమక్కను తప్పించుకుని, నడవలోంచి దొడ్డి తలుపు తీసుకుని అవతలి సందులోకి ఉరికాడు. ఆ తలుపు కోసమే వాడు ఆ ఇల్లు ఎంచుకున్నాడని అప్పుడు అర్థమైంది. వాడు మూటలతో అటే పోతే, వీళ్లు అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తూనే ఉండేవాళ్లు.

ముసలమ్మ వీళ్లనూ నాలుగు తిట్టింది. ఎముకలు తెచ్చింది వీళ్లే కదా మరి. తిడుతూనే హన్మవ్వకు నీళ్లు పోసింది.

"పోదమే బిడ్డా, ఇంటికి మర్రిపోదం," అని హన్మవ్వ ఏడ్చింది.

"నదికి పొయ్యినంకనే," అంది భూమక్క.

ఇక ఎవరినీ దారి అడగలేదు. సందులో రాళ్ల మీద తడి అడుగులు కనిపించాయి. స్నానం చేసి వచ్చేవాళ్లవి. అవి ఎటు నుంచి వస్తున్నాయో అటే నడిచింది. అత్తను ఒక చేత్తో, తండ్రిని ఒక చేత్తో పట్టుకుని నడిచింది. సందు మలుపు తిరిగేసరికి కళ్లెదుట గంగ.

మెట్ల మీద ఒక పంతులు సంకల్పం చెప్పడానికి ఒప్పుకున్నాడు. నడుం లోతు నీళ్లలో నిలబెట్టి, ఏ ఊరు, ఎవరి అస్థికలు అని హిందీలో అడిగాడు. భూమక్క నోరు అలవాటుగా బిగుసుకుంది. ఇన్ని దినాలూ ఎవరికీ చెప్పకుండా దాచుకొచ్చిన ఊరు, పేరు. పంతులు మళ్లీ అడిగాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఎర్రగుడ్డ విప్పి, నీళ్ల మీదికి వంగి, అక్కడున్నవాళ్లందరికీ వినపడేలా గొంతెత్తింది.

"మాది ఎల్లారెడ్డి తల్లీ, కామారెడ్డి పక్కన. ఈయన పేరు రాజన్న, మా బాపు. ఒక్కపారి మన్మాడ్ దాక వచ్చి ఎనుకకు మర్రిండు. ఇప్పుడు వచ్చిండు. తీస్కో."