పెద్దసారు అటువైపు నిలబడిన రోజు

ఆ రోజుల్లో ప్రమాదం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగి ఉంటే, రక్తం అని చెప్పేదాన్ని కాదు. రోగికి మందు పూయడం అయ్యాక, పచ్చగుడ్డలు పరవడం అయ్యాక, మా పెద్దసారు తొడుగులేసుకున్న చేతులు రెండూ ఛాతీకి దగ్గరగా పెట్టుకుని, చర్చిలో కానుకల పళ్ళెం తెచ్చే పెద్దమనిషిలా నింపాదిగా బల్ల చుట్టూ నడిచి అవతలివైపు నిలబడ్డారు చూడండి, అదీ ప్రమాదమంటే. సర్జన్లలో ఒక ఆచారం ఉంది. కుడి గజ్జలో ఆపరేషన్ అయితే కత్తి పట్టేవాళ్ళు రోగికి కుడివైపు, సాయం పట్టేవాళ్ళు ఎడమవైపు. 'ఈరోజు నువ్వు చెయ్యమ్మా' అని నోటితో ఎవరూ పిలవరు, అక్షింతలు వెయ్యరు. పెద్దవాళ్ళు అటు వెళ్ళిపోతే, ఇటు మిగిలినవాళ్ళే సర్జన్. ఆ ఉదయం ఇటు మిగిలింది నేను. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి కూడా చూశాను. గోడ ఉంది.

అప్పటికి నేను సర్జరీ పీజీ. మాస్తి వైపు పిల్లను, ఊరిగాం కోడల్ని, ఇద్దరు పిల్లల తల్లిని. కోలారు బంగారు గనులు మూతపడ్డాక మా వీధిలో మగవాళ్ళందరిలాగే మా ఆయన కూడా తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కేవాడు. నేను పిల్లల్ని ఆటో ఎక్కించి జిల్లాలోని ఒక పెద్దాసుపత్రికి బస్సెక్కేదాన్ని. అక్కడ నా పని, కోసిన చోటు మూసుకుపోకుండా ఇనుప కొక్కెంతో పక్కకి లాగి పట్టుకోవడం. సర్జరీ అంటే నా దృష్టిలో పెద్దసారు చంక కింద నుంచి కనిపించే దృశ్యం. ఎప్పుడైనా దయ కలిగి సూది నా చేతికిచ్చినా, ఒక కుట్టు పడీపడకముందే "ఇటియ్యమ్మా, ఆలస్యమవుతోంది" అని కన్నడలో అంటూ లాగేసుకునేవారు. లాగేసుకోవడంలో తప్పేమీ లేదు, బయట ఇంకా నలుగురు రోగులు ఆకలితో పడుకుని ఉంటారు కదా. అయితే మరి కొద్ది నెలల్లో నాకు పరీక్ష. పాసైతే పేరు పక్కన సర్జన్ అని బోర్డు. బోర్డెక్కబోయే ఆ మహాతల్లి ఒక్క హెర్నియా అయినా మొదటినుంచి చివరిదాకా తన చేత్తో చేసిన పాపాన పోలేదు.

అందుకని ఇంట్లో సాధన చేసేదాన్ని. మంచం కోళ్ళకు, కుర్చీ చేతులకు, మా అత్తగారు జపమాల పెట్టుకునే సంచికి, కనిపించిన ప్రతిదానికీ దారం కట్టి ముళ్ళు వేసేదాన్ని. ఒకరోజు పరధ్యానంలో మా పాప టిఫిన్ సంచికి సర్జన్ ముడి పడిపోయింది. స్కూల్లో టీచరమ్మ, ఆయమ్మ, చివరికి ఆటో అన్న కూడా కలిసి ప్రయత్నించినా ఊడలేదట. పాప ఆకలితో ఇంటికొచ్చింది. "ముడి బాగా నిలిచింది గదా అత్తమ్మా" అన్నాను, ఏడవాలో సంతోషించాలో తెలియక. "ఇంగ నీ కోసరం ప్రార్థన చెయ్యను," అంది మా అత్తగారు. "నీ చేతికి చిక్కబోయే రోగి యాడుండాడో, వాని కోసరం చేస్తా."

ఆ రోగి ఆండర్సన్‌పేటలో ఉన్నాడు. పాతికేళ్ళో ముప్పయ్యేళ్ళో గనిలో పనిచేసి, గని మూశాక చిల్లరకొట్టు పెట్టుకున్న పెద్దాయన. గజ్జలో పేగు జారి ఉబ్బు వచ్చింది, బియ్యం మూట ఎత్తినప్పుడల్లా నొప్పి. గనిలోకి మనుషుల్ని దింపే ఇనుప బోను కథలు వార్డంతా చెప్పడంతో నర్సులు ఆయనకు 'కేజ్ తాత' అని పేరు పెట్టారు. నడుముకు సూది వేసి కింది భాగం మొద్దుబార్చారు గాని, పై భాగం నిక్షేపంగా మెలకువగా ఉంది. ముఖానికీ మాకూ మధ్య ఒక పచ్చగుడ్డ తెర, అంతే.

అవతలివైపు నిలబడిన పెద్దసారు నాకు మాత్రమే వినిపించేలా కన్నడలో అన్నారు: "చెయ్యి నిలిచిపోయిందంటే నేను చుట్టూ తిరిగి అటు వస్తాను. వచ్చానా, ఈ ఏడాదికి నీకు మళ్ళీ కొక్కెమే." నేను తలూపాను.

చర్మం కోశాను. ఫరవాలేదు. కింద కొవ్వు, ఆ కింద తెల్లటి గట్టిపొర. పెద్దసారు ధార్వాడ వైపు నుంచి మా జిల్లాకు కొత్తగా వచ్చిన మనిషి. రోగి భయపడకూడదని, తనకు బాగా కలిసొచ్చిన పద్ధతి ప్రకారం ఇంగ్లీషులోకి మారారు. "డోంట్ గో డీప్ దేర్."

తెర వెనక నుంచి గొంతు వచ్చింది. "వై డాక్టర్? వాట్ ఈజ్ దేర్?"

పెద్దసారు కనుబొమలు టోపీలోకి వెళ్ళిపోయాయి. ఆయన మద్రాసులో చదువుకున్నవారు, ఓడిపోయే రకం కాదు. తమిళంలో "మెదువా, మెదువా" అన్నారు. "ఆమాం డాక్టర్, మెదువాగానే చెయ్యండి, నాకేం అర్జెంటు లేదు," అన్నాడు తాత. ఇక ఆఖరి అస్త్రంగా పెద్దసారు హిందీ తీశారు. తాత హిందీలోనే బదులిచ్చి, "గేటుకాడ పంజాబీ వాచ్‌మెన్లు ఉండ్రి సార్. వాళ్ళతో తిట్లు తినీ తినీ వచ్చేసినాది," అని వివరం కూడా ఇచ్చాడు. మత్తు డాక్టరమ్మ భుజాలు కదులుతున్నాయి. గనుల ఊళ్ళో పుట్టినవాళ్ళ దగ్గర భాష మార్చి రహస్యం దాచాలనుకోవడం, వానలో తడిగుడ్డ కప్పుకోవడం లాంటిదని నాకు తెలుసు. చెప్పే స్థితిలో లేనంతే.

దాంతో పెద్దసారు మాటలు మానేసి కళ్ళతో సైగలు మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే గట్టిపొర అంచున చిన్న రక్తనాళం ఒకటి తెగి, గుంటంతా ఎర్రగా నిండింది. చిన్నదే. అలాంటివి వందల్లో చూశాను, చంక కింద నుంచి. కాని నా చేయి నిలిచిపోయింది. పెద్దసారు కుడిచేయి ముందుకొచ్చింది. ఆయన కాలు కూడా కదిలినట్టు అనిపించింది.

"ఏంది, అందరూ గమ్మునైపోయినారు?" అన్నాడు తాత. గొంతులో ఇందాకటి హుషారు లేదు. "కోస్తా ఉండేది ఎవరు?"

పెద్దసారు 'నేనే' అని తన పేరు చెప్పుకుంటారనుకున్నాను. ఆయన నా వైపు చూశారు.

"నేనప్పా," అన్నాను.

"నిన్న నా పొట్ట నొక్కి చూసిన పాపనా?"

"అవునప్పా."

"మొదటి తూరి చేస్తా ఉండావా?"

"మొదటినుంచి చివరిదాకా నేనే చెయ్యడం ఇదే మొదలప్పా. వద్దంటే చెప్పు, సారే చేస్తారు."

తాత గట్టిగా ఊపిరి వదిలాడు. "నాకప్పుడే అనుమానం వచ్చినాది. ఆయన పాటికి ఆయన చేసుకునేటోడైతే అన్ని భాషల్లో యాలమ్మా అరిచేది? కేజ్ దించేటప్పుడు గూడా ఇట్లే. డ్రైవర్ కొత్తోడైతే దడ్‌మని ఎగిరేది. లోపలుండే మేము వాని అమ్మనీ అబ్బనీ ఎత్తుకుని తిట్టేది. పాత డ్రైవర్ వెనకాల నిలబడి బ్రేకు మింద చెయ్యి పెట్టుకోనుంటాడని తెలిసినా, తిట్టేది తిట్టేదే." ఆ వెంటనే, "సారు యాడుండాడు?" అన్నాడు.

"ఎదురుగానే ఉన్నానప్పా," అన్నారు పెద్దసారు కన్నడలో.

"బ్రేకు మింద చెయ్యి ఉండాదా?"

పెద్దసారు గాలిలో ఆగిపోయిన తన చేతిని చూసుకున్నారు. మెల్లగా వెనక్కి తీసుకుని పచ్చగుడ్డ మీద ఆనించారు. తర్వాత, మా ఆసుపత్రికి పనికొచ్చాక మొదటిసారి, అచ్చమైన కోలారు తెలుగులో అన్నారు. "ఉండాదప్పా."

"అట్లయితే దించమ్మా. నేను తిట్టుకుంటా ఉంటా, నువ్వు పట్టించుకోవద్దు."

దించాను. ముందు దూదిగుడ్డ పెట్టి అదిమాను, తర్వాత నాళాన్ని పట్టి కట్టాను. మంచం కోళ్ళ మీద, టిఫిన్ సంచి మీద వేసిన అదే ముడి. నిలిచింది. తెల్లదారంలాంటి నరాన్ని పక్కకు తప్పించి, పేగు జారిన సంచిని వెనక్కి పంపి, మళ్ళీ జారకుండా వల అమర్చి కుట్లు వేశాను. పెద్దసారు అరగంటలో చేసేది నాకు అంతకు మూడింతలు పట్టింది. ఆయన చెయ్యి ఎన్నిసార్లు లేచిందో, అన్నిసార్లు మళ్ళీ గుడ్డ మీదికి వెళ్ళి కూర్చుంది. ఒక్కసారి మాత్రం ఆయన వేలు నా సూది ముందుకొచ్చి అడ్డంగా నిలబడింది. ఆ కింద తొడకు పోయే పెద్ద రక్తనాళం ఉంది. నేను సూది దిశ మార్చాను, వేలు వెళ్ళిపోయింది. మేమిద్దరం ఏ భాషలోనూ ఏమీ అనుకోలేదు. చివరి కుట్టు పడగానే తెర వెనక నుంచి, "పైకొచ్చేసినామా?" అని వినిపించింది. "వచ్చేసినామప్పా," అన్నాను. మాస్కు తడిసింది, చెమట అనే చెప్పుకున్నాను.

తర్వాత తాత ఆండర్సన్‌పేటలో కొట్టుకొచ్చినవాళ్ళందరికీ, "ఆ పాప నా మిందనే నేర్చుకునింది," అని చెప్పుకున్నాడట. (ఆడవాళ్ళకు మచ్చ చూపించబోతే వాళ్ళావిడ కసిరిందనీ విన్నాను.) ఇప్పుడు బల్లకు అవతలివైపు నిలబడేది నేను. కత్తి పట్టబోయే పిల్లనో పిల్లాణ్ణో ముందురోజే వార్డుకు తీసుకెళ్ళి, చేసేది వీళ్ళు, పక్కన ఉండేది నేను అని రోగికి చెప్పి, సరేనంటేనే అటు నడుస్తాను. నిలబడ్డాక చేతులు ఊరుకోవు. లాక్కోవాలని వేళ్ళు దురదపెడతాయి. ఆ రోజు పెద్దసారు ఎంత కష్టపడ్డారో ఇప్పుడు తెలుస్తోంది. గోడను వెనక్కి తిరిగి చూసుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి, మాస్కు వెనక నవ్వుకుంటాను.

అయితే ఆ పాఠం నేను మొదట వాడింది ఆసుపత్రిలో కాదు. ఆపరేషన్ మర్నాడు ఉదయం మా పాప ఎప్పటిలాగే గడపలో కూర్చుని బూటు తాడుతో కుస్తీ పడుతోంది, నేను ఎప్పటిలాగే "ఇటియ్యి, ఆటో వచ్చేస్తా ఉంది" అంటూ వంగి తాడు అందుకున్నాను. అందుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. తాడు వదిలేసి, గడపకు అవతలివైపు వెళ్ళి, పాప ఎదురుగా నేలమీద కూర్చున్నాను. ఆటో అన్న హారన్ కొట్టాడు. పాప బిత్తరపోయి నన్ను చూసింది. మా అబ్బాయి తన బూట్లు కూడా పట్టుకొచ్చి, "అమ్మా, నువ్వు కట్టవా?" అన్నాడు.

"మీరే కట్టుకోండి," అన్నాను. "ఆటో ఆగుతుంది. నా చెయ్యి ఇక్కడే ఉంటుంది."