మాస్టరు పేరు తర్వాత మూడోది

ఫిల్మ్ నగర్‌లో రోలింగ్ టైటిల్స్‌ని ఎవరూ చదవరు, కొలుస్తారు. "రెండున్నర నిమిషాలు దాటకూడదండీ" అంటాడు మా పోస్ట్ ప్రొడక్షన్ మేనేజరు, ఫోన్‌లో స్టాప్‌వాచీ నొక్కి. సినిమా అయిపోయాక కింద నుంచి పైకి పరిగెత్తే ఆ పేర్ల వరుసను తయారుచేసే ప్రోగ్రాం రాసింది నేనే. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకు మహా సరదా.

ఒకరోజు ఉదయం పదకొండింటికి టీ తాగుతుంటే ఒకావిడ లోపలికొచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. కాస్ట్యూమ్స్ విభాగంలో బట్టలు ఇస్త్రీ చేసి, వేళకి ఆర్టిస్టులకు అందించే మనిషి. యూసుఫ్‌గూడ నుంచి ఎండలో నడిచే వచ్చిందట.

"మేడం, పేర్లు ఎక్కించేది మీరేనా? నా పేరు ఎన్నో వరసల వస్తదో జర చెప్తరా?"

ఎందుకని అడిగాను. నాకు ఆరా ఎక్కువ. చేతిలో పని ఆపి మరీ కథలు వింటాను.

"మూడు సిన్మాలాయె మేడం. నీ పేరు రాయించిన అంటడు మా కాస్ట్యూమ్స్ మాస్టరు. హాలుకు పోతం, ఫొటో తీద్దామని ఫోన్ పట్టుకొని నిలబడ్త. సర్రున పోతది. నేనే రెప్పేసిననో ఏమో, ఒక్కసారి గూడ దొరకలే. మా అత్త ఏమంటదో ఎరుకేనా? నువ్వు సిన్మాల్ల పనే చేస్తలేవు, యాడికి పోతున్నవో ఏందో అంటది. ఈసారి టికెట్ తెచ్చినా రానన్నది."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "ఇదెంత పని, కూర్చో అక్కా" అని కొత్త సినిమా పేర్ల ఫైలు తెరిచి వెతికాను. లేదు. ఇంటిపేరుతో వెతికాను. లేదు. కాస్ట్యూమ్స్ అన్న శీర్షిక ఉంది, దాని కింద మాస్టరు పేరుంది, వెంటనే మేకప్ వాళ్ళు మొదలయ్యారు.

"మాస్టరు ఇవ్వలేదేమో అక్కా" అన్నాను, కాస్త చిరాగ్గానే. నా ప్రోగ్రాం తప్పు చేసుంటుందన్న ఆలోచనే రాలేదు చూడండి, అంత పొగరు.

ఆమె కుర్చీలోంచి కదల్లేదు. "ఇచ్చిండు మేడం. కృష్ణానగర్ల జిరాక్స్ షాపుల టైపు కొట్టిస్తుంటే నేను పక్కనే ఉన్న."

జిరాక్స్ షాపు అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మాస్టరు పంపిన అసలు ఫైలు వెతికి తెరిచాను. తెర నిండా పిచ్చి గీతలు, చుక్కలు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు. పదకొండు వరుసలు.

కంప్యూటరు అక్షరాలను అంకెలుగా దాచుకుంటుంది. ఏ అంకె ఏ అక్షరమో ఇప్పుడు అందరూ కలిసి పెట్టుకున్న ఒప్పందం ఒకటుంది. ఆ షాపులో మాత్రం ఇంకా పాత తెలుగు ఫాంటే, దాని ఒప్పందం వేరు. నా ప్రోగ్రాంకి ఆ అంకెలు చెల్లవు. మొదట్లో ఇలాంటి ఫైలు వస్తే ఆగిపోయి, ఎర్రక్షరాలతో గోల పెట్టేది. ఒకసారి మేనేజరు "ఏంటండీ, ఇంకా అవ్వలేదా?" అంటూ నెత్తినెక్కి కూర్చుంటే, ఒళ్ళు మండి ప్రోగ్రాంలో ఒకే ఒక్క ముక్క చేర్చాను: అర్థం కాని అక్షరాలు వదిలెయ్. గోల ఆగిపోయింది. వదిలేయగా మిగిలిన వరుసల్లో తెలుగు లేదు కాబట్టి, అవి ఖాళీవనుకుని వాటినీ తుడిచేసింది. మాస్టరు పేరు వేరే జాబితాలోంచి వస్తుంది కనక బతికిపోయింది. నిడివి తగ్గిందని మేనేజరు నన్ను మెచ్చుకున్నాడు కూడా!

ఆ పాత ఫాంటు ఎక్కించి అదే ఫైలు మళ్ళీ తెరిచాను. పదకొండు పేర్లూ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క తప్పు లేదు.

"అగో, గది నాదే!" అని ఆమె మూడో వరుస మీద వేలు పెట్టింది.

టైటిల్స్ ఫైలు మధ్యాహ్నానికల్లా పంపాలి. ఆమె ఒక్కో పేరూ చదువుతుంటే నేను కొత్త ఫాంటులో కొట్టాను. నేను చేర్చిన ఆ ముక్క తీసేశాను. ఇకమీదట చదవలేని వరుస వస్తే, అది ఎన్నోదో చెప్పి మరీ ఆగుతుంది. హమ్మయ్య అనుకుంటూనే ఒక అనుమానం వచ్చింది. అసలు ఆ ముక్క చేర్చి ఎన్నాళ్ళయింది? ఆమె చెప్పిన మూడు సినిమాల ఫైళ్ళూ మా దగ్గరే ఉన్నాయి. తీసి చూశాను. మూడింట్లోనూ కాస్ట్యూమ్స్, మాస్టరు, ఆ వెంటనే మేకప్.

ఈ మనిషి మూడుసార్లు హాల్లో ఫోన్ ఎత్తిపట్టుకుని నిలబడింది, అక్కడ లేని పేరు కోసం.

చెప్పకపోతే ఆమెకు తెలిసే దారి లేదు. నోరు మూసుకుందామనే అనిపించింది, దాచడమెందుకు. కానీ అత్త మాట గుర్తొచ్చింది.

"నువ్వు రెప్ప వెయ్యలేదక్కా. ఆ మూడింట్లో నీ పేరే లేదు. పోగొట్టింది నేను."

తిడుతుందనుకున్నాను. ఆమె ఫోన్ తీసి, నంబరు నొక్కి నా చేతిలో పెట్టింది. "గీ ముచ్చట మా అత్తకు మీరే చెప్పుండ్రి."

అంకెలు, ఒప్పందాలు అంటూ మొదలుపెట్టి, నాకే సిగ్గేసి ఆపేశాను. "అమ్మా, మీ కోడలు పని చేసిన మాట నిజం. పేరు రాసిచ్చిన మాటా నిజం. నా మిషనుకి ఆ రాత చదవడం రాదు. రాదని అది మొత్తుకుంటే నేనే నోరు మూయించాను."

అవతల కుక్కర్ కూత వేసింది.

"అంటే, అది అబద్ధం ఆడలే?"

"లేదమ్మా."

ముసలావిడ గొంతు తగ్గించి అడిగింది. "గదంతా నాకెందుకు గని బిడ్డా, దాని పేరు ఎన్నో వరసల వస్తదో చెప్పు. నాకు కండ్లు సక్కగ కానరావు, ముందుగాల్నే సూస్తుండాలె."

"మాస్టరు పేరు తర్వాత మూడోదమ్మా" అన్నాను. అవతల మళ్ళీ కుక్కర్ కూత వేసింది, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.