తలుపు వెనక అన్న ‘ఊ’

బోనాలనాడు డప్పులు ఆపించి, గల్లీ మొత్తాన్ని ఏడిపించిన మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. అంత ఘోరం ఒక్క ‘ఊ’తో చేశాను.

అప్పట్లో నేను శాలిబండలో ఒక గాజుల దుకాణంలో పనిచేస్తూ, ఛత్రినాకలో సత్తెమ్మ పెద్దమ్మ ఇంటి పైగదిలో అద్దెకుండేదాన్ని. ఒక ఆషాఢం పొద్దున నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎడమవైపు నుంచి వాటంతటవే కారిపోయాయి. అద్దంలో చూసుకున్నాను. కుడివైపు నేనే ఉన్నాను. ఎడమవైపు మాత్రం ఎవరో ఉన్నారు. నేను భయపడితే ఆమె భయపడలేదు. నేను కన్ను మూస్తే ఆమె మూయకుండా నన్నే చూస్తూ ఉంది.

డాక్టరు మాత్రలిచ్చి ఫిజియోథెరపీకి పంపాడు. అక్కడి మేడం నా చెవి వెనక వేలు పెట్టింది.

“ముఖానికి పొయ్యే నరం ఈడ వాచింది. తెగలే, ఫికర్ జెయ్యకు. అద్దం ముందల కూసోని మెల్లగ ‘ఈ’ అను, ‘ఊ’ అను. గట్టిగ గుంజకు. కంట్ల చుక్కలు ఏస్కో, పండుకునేటప్పుడు కన్ను మూసి టేపు పెట్టుకో.”

“ముఖం మళ్ల రాకపోతే మేడం?”

“ముందుగాల ‘ఊ’ అను.”

దుకాణం సేఠ్ అయితే “ముఖం మంచిగైనంకనే రా బేటీ, గాజులు తొడిగించుకునేటోళ్లు జడుస్తున్రు” అన్నాడు. ముఖం రాకపోతే ఉద్యోగం కూడా రాదన్నమాట. ఇదంతా సత్తెమ్మకు చెప్పేస్తే సరిపోయేది. కానీ మనకు నామోషీ కదా! చున్నీ చుట్టుకుని “పన్ను నొస్తుంది పెద్దమ్మా” అన్నాను.

ఒక మధ్యాహ్నం టేపు పెట్టుకోకుండా కునుకు తీశాను. నల్లాలో నీళ్లు వచ్చాయని చెప్పడానికి పైకొచ్చిన సత్తెమ్మకు, గురకపెడుతూ తననే చూస్తున్న నేను కనిపించాను. ఆమె ఆ తెరిచిన కంటికి దండం పెట్టి దిగిపోయింది.

ఆ సాయంత్రం ముసురు. కరెంటు లేదు. దీపం పెట్టుకుని అద్దం ముందు సాధన మొదలుపెట్టాను. తలుపవతల ఏదో గుసగుస వినిపించింది. వాన అనుకున్నాను. నాకు అమ్మవారు పూనిందనుకుని అవతల సత్తెమ్మ ఏమేం అడిగిందో మర్నాడు గాని తెలియలేదు.

“ఎవరు తల్లీ నువ్వు? మా మైసమ్మవేనా?”

“ఈఈ... ఊఊ...”

“ఈసారి గల్లీ బోనం ఈ పిల్లతోనే ఎత్తిద్దునా?”

“ఊఊఊ!”

తెల్లారేసరికి పసుపు, వేపమండలతో ఆడవాళ్లంతా గుమ్మంలో ఉన్నారు. “నరం! నరం పెద్దమ్మా!” అని మొత్తుకున్నాను. వంకర నోట్లోంచి అది ఎలా వచ్చిందో గాని, “వరమిస్తదంట!” అని అందరూ చేతులు జోడించారు.

బోనాలనాడు నెత్తిన బోనంతో నడుస్తున్నాను. డప్పులు, సాంబ్రాణి పొగ. జనమంతా నా రెప్పవాల్చని ఎడమ కన్నుకే మొక్కుతున్నారు. నవ్వుతారేమిటండీ, నా భయం నాది. ఇంతమంది మొక్కుతుంటే ఎడమవైపున్న ఆమె ఇక వెళ్తుందా? నా ముఖం నాకెప్పుడిస్తుంది? ఏడుపొచ్చింది. అదీ ఒకవైపే.

అంతలో పొగ కంట్లో పడింది. ఎడమ రెప్ప వణికింది, మెల్లగా కిందికి దిగింది, మూసుకుపోయింది. దానంతటదే! పట్టరాని సంతోషంతో గట్టిగా అరిచాను.

“కన్ను మూసింది! కన్ను మూసింది!”

డప్పులు ఆగిపోయాయి.

“అయ్యో తల్లీ! ఎవరు కన్ను మూసిన్రే?” అంటూ సత్తెమ్మ గుండెలు బాదుకుంది. ఆమె వెనకే గల్లీ అంతా శోకాలు. ఎవరింట్లో ఎవరు పోయారో చూసుకోవడానికి సగం మంది ఇళ్లకు పరిగెత్తారు.

తర్వాత ముఖమూ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. సత్తెమ్మకు సంగతంతా చెప్పి, ఆమె గడపలోనే నిలబడి ప్రమాణం చేశాను: తలుపవతల ఎవరున్నారో, ఏమడుగుతున్నారో తెలుసుకోకుండా ఈ జన్మలో ‘ఊ’ అనను.

ఆమె లోపల గిన్నెలు తోముతూ ఏదో అడిగింది. చప్పుడులో సరిగా వినబడలేదు.

“ఊ” అన్నాను.