బోర్లించిన ముంత

గన్నవరం దాటి హనుమాన్ జంక్షన్ వైపు వెళ్ళే రోడ్డు పక్కన గీత కార్మికుల సంఘం పాక ఉండేది. పొద్దున ఏడయ్యేసరికి పాక ముందు కల్లు ముంతలు బారులు తీరేవి. లోపల ఒక ముక్కాలి పీట, దాని మీద జక్కయ్య. ఆయన ఒక గుక్క నోట్లో పోసుకుని సరే అన్నాకే ఏ ముంతైనా పీపాలో పడాలి. ఆయన తల అడ్డంగా ఊపితే ఇక అప్పీలు లేదు.

ఆ పీట ఆయనకు ఊరికే దక్కలేదు. ముప్పయ్యో ఏట తాడిచెట్టు మీదనుంచి పడి ఎడమకాలు విరగ్గొట్టుకున్నాడు. చెట్టెక్కలేని గీతగాణ్ణి ఎవరు పట్టించుకుంటారు? అవి మద్యనిషేధం రోజులు. తాటిబెల్లం వండే పొయ్యి దగ్గర కూర్చుని, ఏ ముంత తియ్యగా ఉందో, ఏది పులుపెక్కిందో చెప్పే పని పెట్టుకున్నాడు. పులిసిన ముంత ఒక్కటి కలిసినా పాకం గట్టిపడదు. నిషేధం ఎత్తేసి, సంఘం పెట్టుకుని, కల్లు బాహాటంగా అమ్మడం మొదలయ్యాక, రుచి చూసే మనిషి ఎవరన్న ప్రశ్నే రాలేదు.

జక్కయ్యకు తన పనంటే కొంచెం గర్వం ఉండేది. ఉంటే తప్పేముంది? కైపు ఎంతుందో చెప్పడానికి తానెందుకు, రోడ్డు మీద లారీ ఆపి తాగే ఏ డ్రైవరైనా చెబుతాడు అనేవాడు. ఆయన చూసేది వేరు. ముందు నాలుక కొసన తీపి తగలాలి. అది ఇంకా వదలకముందే బుగ్గల్లోకి పులుపు రావాలి. ఉమ్మేసిన తరవాత కొండనాలుక దగ్గర సన్నని చేదు కాసేపు నిలవాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి మిగతా రెండింటినీ మింగేసినా ఆ కల్లు ఎంత ఘాటుగా ఉన్నా మంచిది కాదు. మగచెట్టు పోతుతాడి కల్లో, కాయకాసే పండుతాడి కల్లో, పొద్దున దించిందో, మాపటిదో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరి చేతి గీతో కూడా చాలాసార్లు చెప్పేసేవాడు.

మింగడం మాత్రం లేదు. మొదటి ముంత మింగితే రెండో ముంత రుచి తెలియదనేవాడు. పని అయ్యేదాకా చుట్ట లేదు, కాఫీ లేదు. ముందురోజు కూరలో కారం కూడా తగలకూడదు. పెళ్ళయిన నాటి నుంచీ ఈ ఇంట్లో బాలింత పథ్యమే వండుతున్నానని భార్య మంగాయమ్మ విసుక్కునేది.

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. కొందరు నిన్న మిగిలిన కల్లు మడ్డిని ఇవాళ దించిన కల్లులో కలుపుతారు. పొద్దున్నే కైపెక్కుతుంది, తాగేవాడు సంతోషిస్తాడు, మధ్యాహ్నానికి పీపా మొత్తం చెడిపోతుంది. అలా కలిపినవాడు దొరికితే ఆ కల్లు నేల మీద పారబోసి, ముంతను పాక గడప పక్కన మర్నాటి దాకా బోర్లించి ఉంచుతారు. వారం రోజులు అతని కల్లు తీసుకోరు. వారం రోజులు ఎలాగో గడుస్తాయి గాని, వచ్చేపోయేవాళ్ళంతా ఆ ముంత ఎవరిదని అడిగి తెలుసుకుంటారే, అదీ అసలు శిక్ష. అయిదేళ్ళలో జక్కయ్య బోర్లించింది మూడే ముంతలు. మూడుసార్లూ ఆయన మాట తప్పు కాలేదు.

పందొమ్మిది వందల డెబ్బయ్యయిదు మాఘమాసంలో ఆయనకు విషజ్వరం వచ్చింది. పన్నెండు రోజులు మంచం మీద ఉండి లేచాడు. ఒక మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తింటుంటే మంగాయమ్మ పరుగున వచ్చి కంచం లాగేసుకుంది. పులుసు పాడైపోయి వాసన కొడుతోంది, నీకు తెలియడం లేదా అంది. ఆయనకు తెలియడం లేదు. ఉప్పు నాలుక మీద పెట్టుకుని చూశాడు, చింతపండు నమిలి చూశాడు. ముక్కూ నాలుకా రెండూ మొద్దుబారిపోయాయి. ఈ సంగతి గడప దాటితే ఒట్టేనని భార్య చేత చెయ్యి వేయించుకున్నాడు.

జీతం పోతుందన్న భయం కాదు అది. కుంటికాలుతో పాతికేళ్ళుగా పదిమందిలో తలెత్తుకుని తిరిగింది ఆ నాలుక పుణ్యమా అనే. అదీ పోతే తానెవరు?  అందుకే మర్నాడు పొద్దున మామూలుగా వెళ్ళి పీట మీద కూర్చున్నాడు.

నాలుక పోయినా చెవులున్నాయి, కళ్ళున్నాయి. ముంతను చెవి దగ్గర పెట్టుకుని నురగ చిటపటలాడే తీరు వినేవాడు. వేలు ముంచి జిగురు చూసేవాడు. నోట్లో పోసుకోవడం, పుక్కిలించడం, ఉమ్మడం అన్నీ యథాప్రకారమే. ఆ పుక్కిలించే వ్యవధిలో మాత్రం ముంత తెచ్చినవాడి మొహం చూసేవాడు. తప్పు చేసినవాడి కళ్ళు నిలకడగా ఉండవని ఆయన నమ్మకం. నెల రోజులు గడిచినా పీపా చెడలేదు, ఒక్క ఫిర్యాదు రాలేదు. నాలుక కంటే మొహాలే నయమని కూడా అనుకున్నాడు పాపం.

ఒకరోజు వెంకటప్పయ్య ముంత దించాడు. వరసకు బావమరిది అవుతాడు. ఇద్దరూ ఒకే ఏడు మోకు కట్టి చెట్టెక్కడం నేర్చుకున్నవాళ్ళు. జక్కయ్య పుక్కిలిస్తూ తలెత్తేసరికి వెంకటప్పయ్య చప్పున చూపు తిప్పుకున్నాడు. అంతకు ముందు రెండు రోజులూ అంతే. జక్కయ్య ఉమ్మేసి, మడ్డి కలిపావా అని అడిగాడు. వెంకటప్పయ్య ఏదో చెప్పబోయి, చుట్టూ ఉన్నవాళ్ళ వంక చూసి, ఊరుకున్నాడు. ఊరుకోవడాన్ని జక్కయ్య ఒప్పుకోవడంగా తీసుకున్నాడు. కల్లు నేలపాలయింది. ముంతను గడప పక్కన ఆయనే స్వయంగా బోర్లించాడు. 

పని ముగిశాక సంఘం గుమాస్తా కాశీరావు దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పాడు. పారబోయకముందే ఆ ముంతలోంచి ఒక దొప్పెడు తాను తీసుకుని తాగాడట. ఈ ఏడు అంత మంచి కల్లు తగల్లేదట. అందులో ఏం దోషం కనిపించింది బాబాయ్, నేర్చుకుందామని అడుగుతున్నాను అన్నాడు. పాపం, వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగాడు. జక్కయ్య చేతికర్ర అందుకుని ఇంటిదారి పట్టాడు.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. సాయంత్రం వెంకటప్పయ్య ఇంటికి వెళ్ళి చేతులు పట్టుకుంటానన్నాడు. మంగాయమ్మ ఒప్పుకోలేదు.

"ముంత బోర్లించింది ఇంట్లో కాదుగా, పదిమంది ముందరేగా. చెప్పేదేదో ఆ పదిమంది ముందరే చెప్పు" అంది.

పదిమంది ముందర చెబితే పీట పోతుంది. చెప్పకపోతే వెంకటప్పయ్య పేరు పోతుంది. 

మర్నాడు పొద్దున జక్కయ్య పీట దగ్గరికి వెళ్ళలేదు. గడప పక్కన బోర్లించిన ముంతను ఎత్తి, తుండుతో మట్టి తుడిచి, నిలబెట్టాడు. వారం దాకా రానక్కర్లేని వెంకటప్పయ్య కూడా ఆరోజు ముంతతో వచ్చి వెనకగా నిలబడి ఉన్నాడు.

"ఈ ముంతలో ఏ దోషం లేదు. దోషం నాది. జరం వచ్చిన కాణ్ణించి నాకు రుచి తెలవటంలా. నెల రోజులుగా మిమ్మల్నందర్నీ మోసం చేస్తన్నా" అన్నాడు జక్కయ్య.

గొడవ రేగుతుందని కాచుకున్నాడు. కాశీరావు తప్ప ఎవరూ ఆశ్చర్యపోలేదు. కొందరు నేల చూపులు చూశారు.  వెంకటప్పయ్య ముందుకొచ్చాడు.

"మాకు తెలుసు బావా. నెల కిందట మా ఇంటిది అమలమ్మ కడగని ముంత ఇస్తే నేను చూసుకోకుండా తెచ్చా. నీ ముందు పెట్టాక కంపు తగిలింది. చెబుదామనుకునే లోపలే నువ్వు పుక్కిలించి మేలుగా ఉందన్నావు. నేను కాలు తగిలినట్టు తన్ని పారబోశా. ఆ రోజే అందరం అనుకున్నాం, ఎవరి ముంత వాళ్ళం ఇంటికాడే చూసుకుని తెచ్చుకుందామని. నీకు చెప్పటానికి మాకెవరికీ నోరు రాలా."

"మరి నిన్న చెప్పొచ్చుగా" అన్నాడు జక్కయ్య. 

"నిన్న చెబితే నీ పీట పోద్ది. నా ముంతయితే ఎత్తి పెట్టుకోవచ్చు." అన్నాడు వెంకటప్పయ్య. "కానీ బావా, నీకు రుచి తెలవకపోతే నాకేం బాధ లేదు. నా మొహం చూసి దొంగననుకున్నావే, అదీ నాకు కష్టమయింది. నిన్ను చూస్తే కళ్ళల్లో నీళ్ళొస్తాయని తల తిప్పుకున్నా."

జక్కయ్య తలకొట్టేసినట్టయి పాక గుంజ పట్టుకున్నాడు. నెల రోజులుగా ఈ మొహాల్లో ఆయన వెతుకుతున్నది దొంగతనం. వాళ్ళు ఆయన కంట పడకుండా దాచుకున్నది జాలి. అంత సిగ్గు ఆయన చెట్టు మీదనుంచి పడ్డనాడు కూడా పడలేదు. పీట ఎవరికి ఇస్తారో ఇచ్చుకోండి అని కర్ర అందుకోబోయాడు.

వెంకటప్పయ్య ఆ కర్రను పక్కకు జరిపాడు. తన ముంతలోంచి ఒక దొప్ప ముంచి, నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మాడు. ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"కొసన తీపి తగిలింది. పులుపు కాస్త ఆలస్యంగా వచ్చింది. చేదు సన్నగా నిలిచింది. ఇక నువ్వు తేల్చు, ముంత పీపాలోకా, నేల మీదికా" అన్నాడు.

ఈసారి చూపు తిప్పుకోలేదు. జక్కయ్య ఆ మొహంలోకి చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, నిలకడగానూ ఉన్నాయి. గుంజ వదిలి పీట మీద కూర్చున్నాడు.

"పీపాలో పొయ్యి కాశీరావూ" అన్నాడు చివరికి.