వానలో చాపిన పడుగు

మొన్న కరీంనగర్ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి, కొత్తగా రాసేవాళ్లకు మూడు రోజుల కథల శిబిరం పెడుతున్నామని, ఇలాంటి శిబిరాలు రచయితలు ఎదగడానికి ఎలా తోడ్పడతాయో అరగంట మాట్లాడాలని ఎంతో మర్యాదగా అడిగింది. సరేనన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. వేదిక మీద చెప్పదగిన మంచి మాటలు నాకూ నాలుగు వచ్చు. కానీ నన్ను ఎదిగించినదేమిటో అక్కడ చెప్పేది కాదు. అది నా ఈడు వాళ్లకు, పగను కూడా పాత పట్టుచీరలా మడతపెట్టి దాచుకోవడం తెలిసినవాళ్లకు చెప్పుకోవాల్సిన సంగతి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదారేళ్లయి ఉంటుంది, నాకు పందొమ్మిదేళ్లు. సుల్తానాబాద్‌కు ఇవతల మాది మగ్గాల వాడ. బాపు, మా నాన్న, పోయి రెండేళ్లయింది, అవ్వ, అంటే మా అమ్మ, ఇంటింటికీ నూలు కండెలు చుట్టిపెట్టి ఇల్లు నడిపేది. నేను పదిమందిలో నోరు విప్పలేని పిల్లను, చెప్పలేనివన్నీ డైరీలో రాసుకునేదాన్ని. నా చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉండడం చూసిన మేనమామ, ఆయన నిర్మల్‌లో బడిపంతులు, దసరా సెలవుల్లో వాళ్ల బళ్లో పది రోజుల కథల శిబిరం ఉందని, పిల్లను పంపమని ఉత్తరం రాశాడు. అవ్వ రెండు రోజులు ఆలోచించి, నా జడ గట్టిగా బిగించి బస్సెక్కించింది.

శిబిరం నడిపిన సారు పింఛను తీసుకుంటున్న తెలుగు పంతులు. ఇరవైమంది మగపిల్లల మధ్య నేనొక్కదాన్నే ఆడపిల్లను కనుక తలుపు పక్కన ఒక చాప వేయించాడు. మొదటి మూడు రోజులు ఆయన మమ్మల్ని ఒక్క వాక్యం కూడా రాయనివ్వలేదు. బొమ్మలు చేసేవాళ్ల ఇంటికి తీసుకుపోయి, చెక్క బొమ్మకు చింతగింజల పిండి పూస్తున్న ముసలాయన ముందు కూర్చోబెట్టి, చేతులు చూడండి, మొహం తర్వాత చూద్దురు అన్నాడు. అక్కడి రంగుల వాసన నా చీరకు పట్టి, ఎన్ని ఉతుకులు ఉతికినా చాలా రోజులు పోలేదు. నాలుగో రోజు, ఇప్పుడు మీ ఇంట్లో చేతుల గురించి రాయండి అన్నాడు.

నేను బాపు చేతుల గురించి రాశాను. తెల్లారకముందే వీధి పొడుగునా పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే పొడుగు పోగుల వరస, చాపి దానికి గంజి పట్టించడం, ఎండ ఎక్కేలోగా కుంచెతో దువ్వడం, గంజి చిక్కనైతే పోగు పెళుసై, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె తగిలి తెగుతుందని వేలికొనతో అద్ది చూసుకోవడం, దగ్గు వచ్చినప్పుడు పోగు మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకోవడం. అట్లా చాపిన ఆఖరి పడుగు మగ్గం మీద సగంలో ఉండగానే ఆయన పోవడం. అది కథ అవునో కాదో కూడా నాకు తెలియదు.

సారుకు ఒక నియమం ఉండేది. కథ మీద పేరు ఉండకూడదు. కులం చూసో, ఇల్లు చూసో, ఆడపిల్ల అనో ఎవరూ మెచ్చుకోకూడదు, తీసిపారేయకూడదు. చేతిరాత పట్టి కూడా తెలియకూడదని అన్ని కథలనూ ఒకరి చేతే తిరగరాయించేవాడు. ఆ పని శిబిరానికి బడి ఇప్పించిన వకీలు గారి కొడుకుకు అప్పగించాడు, అతని రాత ముత్యాల్లా ఉండేది. తిరగరాసిన కథలను మరొకరు చదివేవారు, అందరూ మాట్లాడేవారు, రాసినవాళ్లు ఏ మాట పడ్డా నోరెత్తకుండా వినాలి. ఆఖరున సారు ఎవరిదని అడిగినప్పుడే లేచి నిలబడాలి.

నా కథ చదివాక సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఎవరిదిరా గీ కథ? లేచి నిలబడుండ్రి” అన్నాడు. లేద్దామనే అనుకుంటున్నాను, ఇంకొక్క ఊపిరి పీల్చుకుని లేద్దామనుకుంటున్నాను. అంతలో వకీలు గారి కొడుకు లేచాడు. తిరగరాసింది అతనే కనుక అది నాదని అతనికి తెలుసు. నావైపు ఒకసారి చూసే లేచాడు, అది నేను మరిచిపోలేదు.

“గా తండ్రి ఎవరు నాయినా? నీకెట్ల దెలుసు?”

“ఎవరూ లేరు సార్. ఉత్తగ ఊహించిన.”

కథ పోయినందుకు కాదు నాకు కడుపు మండింది. మా బాపును ఎవరూ లేరన్నందుకు. రుజువు నా దగ్గర లేకపోలేదు, మొదట రాసుకున్నదంతా డైరీలో ఉంది. కానీ ఆ కాగితం వెనుకవైపే, ఏ మేనమామ ఇంట్లో తిని పడుకుంటున్నానో ఆ ఇంటి అత్త పోసే నీళ్లచారును తిట్టుకుంటూ ఒక పేజీ నిండా రాసుకున్నాను. దాన్ని ఎవరి చేతిలో పెట్టను?

కొన్ని నెలలకు శిబిరం సంచిక అచ్చయి వచ్చింది. మేనమామ తెచ్చి ఇస్తే అవ్వ చదివి వినిపించమంది. చదివాను, అతని పేరుతో సహా. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, “గీ పిలగాడెవడో గని మీ బాపును కండ్లార జూసినట్టే రాసిండు బిడ్డా, సల్లగుండ” అంది. వాడ అంతా తిరిగి చెప్పి, బాపు అన్న, మా పెద్దబాపుకు రెండుసార్లు చదివించింది. అవ్వ వాణ్ని దీవించిన ఆ పూటే నేను నిశ్చయించుకున్నాను, వీణ్ని మా వాడలోనే, ఇదే అవ్వ ముందు నిలబెట్టాలని.

దారి అతనే వేశాడు. నేతవాళ్ల కథకు అంత పేరు వచ్చింది కదాని మరుసటి దసరాకు సారు శిబిరాన్ని మా ఊరికే తెచ్చాడు. ఆఖరి రోజు నేత సంఘం షెడ్డులో సభ, ఏరిన కథను రాసినవాళ్లే ఊరివాళ్ల ముందు చదవాలి. తిరగరాసే పని మళ్లీ అతనిదే.

ఆ ఏడాదంతా ఒక్క కథ మీద కూర్చున్నాను. సారు నేర్పినదంతా దానిలో పెట్టాను. అవసరం లేనిది కొట్టేయడం, వినేవాడి చెవి ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసుకోవడం. అతను సొంతంగా రాసిన ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒకచోట వాన కురుస్తుందని నేను గమనించి ఉన్నాను. అందుకని కథకు నడుమ, అన్నిటికంటే అందంగా చెక్కి, ఒక వాక్యం పెట్టాను. సన్నని తుంపరలో వీధి పొడుగునా చాపిన పడుగు మీద గంజి ముత్యాల్లా మెరుస్తోంది, అని. మగ్గం ఇంట్లో పుట్టిన పసిపిల్ల కూడా అట్లా రాయదు. మబ్బు కనబడితేనే మా వాడలో పడుగు చుట్టేస్తారు.

నేను లేవనన్న నమ్మకం అతనికి ఉంది. నేను వేసిన ఎర అదే. శిబిరంలో కథ చదివాక సారు ఆ వాక్యం దగ్గరే ఆగి, ఆహా అన్నాడు. ఆయనది వ్యవసాయం చేసిన ఇల్లు, పాపం ఆయనకేం తెలుసు. ఎవరిదని అడిగినప్పుడు వకీలు గారి కొడుకు ఈసారి నావైపు చూడను కూడా చూడకుండా లేచాడు. సభకు ఆ కథనే ఏరారు.

సభ నాటి సాయంత్రం షెడ్డు నిండిపోయింది. అతను మంచి గొంతుతో చదువుతున్నాడు, జనం బుద్ధిగా వింటున్నారు. ఆ వాక్యం వచ్చింది. ముందు వరసలో మా పెద్దబాపు చెయ్యెత్తాడు.

“జర ఆగు బిడ్డా. వానల చాపిన్రా పడుగు?”

“తుంపరే గదా తాతా. సన్నగ.”

“సన్నగైతె గంజి కారిపోదా? ఏ ఊర్లనయ్యా గిట్ల జేసేది?”

వెనుక నుంచి అవ్వ గొంతు వినబడింది. “మీ ఇంట్ల వడియాలు గుడ వానలనే ఆరవెడ్తరా నాయినా?”

షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. అతను ఎర్రబడి, కథలో ఊహ ఉంటుందని ఏదో అన్నాడు. పెద్దబాపు నవ్వలేదు. “ఊహ సరే. పోయినేడు గంజి ముచ్చట మంచిగ రాసినవ్ గదా, రెండుసార్లు ఇన్న. గంజి సిక్కనైతె పోగు ఏమైతదో సెప్పు. నువ్వు రాసిందే.”

అతనికి తెలియలేదు. ఒక ఏడాది తన పేరు మీద మోసిన కథలో ఏముందో గుర్తు లేదు. అతను చేతిలోని కాగితాలు అటూ ఇటూ తిప్పుతుంటే నేను చివరిదాకా చూసి ఆనందించాను, దాచుకోను.

అక్కడితో ఊరుకుంటే అతను నవ్వులపాలు కావడంతో సరిపోయేది. కానీ బాపు కథ మాత్రం అతని పేరు మీదే ఉండిపోయేది. అది తిరిగి రావాలంటే నేను లేవాలి, లేస్తే ఇంతసేపూ మా వాళ్లు నవ్విన వాక్యం కూడా నాదేనని ఒప్పుకోవాలి. లేచాను. “పెళుసైతది, నాడె తగిలితె తెగుతది” అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “బాపు కథ నాది. గీ వాన కథ గుడ నాదే. దొంగిలిస్తడని ఎరికయ్యే తప్పు రాసిన.”

అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కౌగిలించుకుంటుందేమో అనుకున్నాను. “యాడాదిబట్టి నా ముంగట గూసోని ఎట్ల దాచినవే? వాన్ని సల్లగుండమంటి గదనే నా నోటితోని!” అని భుజం మీద ఒక్కటి వేసింది, ఆ తర్వాత ఏడ్చింది. సారు చాలాసేపటికి దగ్గరకొచ్చి, “నన్ను గుడ వానల నిలవెట్టినవ్ గద బిడ్డా” అన్నాడు. ఆ ఒక్కదానికీ నేను తల దించుకున్నాను.

వకీలు గారి కొడుకు సామాను మరునాటికి పంపమని చెప్పి ఉన్న బట్టల మీద బస్సెక్కాడు. తర్వాత తానూ వకీలయ్యాడు, పేరు తెచ్చుకున్నాడు. కానీ మావైపు కక్షిదారులు అతన్ని చివరిదాకా వానపడుగు వకీలనే పిలిచారు. ఆ పేరు పెట్టింది నేను కాదు. పోయాడని తెలిసిన రోజున కూడా ఆ పేరుతోనే డైరీలో రాసుకున్నాను. క్షమించడానికి వయసు చాలంటారు, నాకెందుకో చాలలేదు. పిరికిదాన్నై ఇంటికి తిరిగి వచ్చి ఊరుకుని ఉంటే ఒక్క కథతో ఆగిపోయేదాన్ని. వాడి మీద కోపంతో ఏడాదిపాటు ఒక్కొక్క వాక్యాన్నీ ఎత్తి చూసుకున్నాను కనుకనే రాయడం వచ్చింది. సారు పనిముట్లు ఇచ్చాడు, పట్టుదల మాత్రం వాడిచ్చాడు.

అవ్వ లేదు, పెద్దబాపు లేడు. మగ్గాల గుంటలు పూడ్చేసి వాడలో మరమగ్గాలు పెట్టారు, అవి కూడా ఇప్పుడు సగం ఆగిపోయాయి. గంజి పట్టిన నూలు ఎక్కడినుంచో లారీలో చుట్టలుగా వస్తుంది. వీధికి సిమెంటు వేశారు, అక్కడ పడుగు చాపినవాళ్లను చూసిన కళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయేమో. ఇవాళ ఎవరైనా అదే వీధిలో నిలబడి, తుంపరలో గంజి ముత్యాల్లా మెరిసిందని చదివితే అందరూ చప్పట్లు కొడతారు. జర ఆగు బిడ్డా అని చెయ్యెత్తే మనిషి లేడు.